కుట్టుకి వదిలిన అంగుళం

గుణుపురంలో మాకు దక్కిన పెరడు
ఇరవై రెండడుగులు పొడుగు, పధ్నాలుగు వెడల్పు.
జాకెట్లు కొలిచే టేపుతోనే కొలిచాను.
అరవై అంగుళాలు కాగానే
మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యే టేపు.
గుండుసూదులు మట్టిలో నిలవవు కదా,
చీపురుపుల్లలు గుచ్చాను.

కొత్త గుడ్డైతే ముందు నీళ్ళలో ముంచి ఆరేస్తాను,
ఎంత ముడుచుకుంటుందో తెలియడానికి.
నేలనీ అలాగే చూడమంది గురుబారి,
కొండ మీంచి నారు దించే సవర మనిషి.
"ఒక వాన పోనియ్యి.
నీళ్ళెక్కడ కూచుంటాయో అక్కడ ఏటీ గియ్యకు."
వాన కోసం పదకొండు రోజులు ఆగాను.
ఈలోగా మూడు పెళ్ళిజాకెట్లు కుట్టి ఇచ్చాను.

నీడని మాత్రం సుద్దతో గీశాను.
పొద్దున్న పడే మహాపాత్రో గారి గోడకి నీలం,
మిట్టమధ్యాహ్నం నీళ్ళ ట్యాంకుకి పసుపు,
నౌపడ బండి కూసే వేళ మా ఇంటికే ఎరుపు.
ఏ రంగూ తగలని చోటు
అయిదేళ్ళ పిల్ల పరికిణీ అంత మిగిలింది.
దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, టమాటాలక్కూడా.

ఒడియా పేపరు పరిచి నమూనా కత్తిరించాను.
ఆ అక్షరాలు మనవాటిలాగే గుండ్రం,
కాకపోతే ఒక్కొక్కటీ గొడుగేసుకుని నిలబడతాయి.
నాకు చదవడం రాదు.
ఎవరో మంత్రి మొహం మీద వంగమడి పడింది,
పెళ్ళి ప్రకటనల మీద దొండపందిరి.
మెడ తీసినట్టు వంపు తిప్పి
బోరు చుట్టూ కనకాంబరాలు.
స్నానాల నీళ్ళు జారే మూలకి చేమదుంపలు.
కాగితాలెగిరిపోకుండా ఇస్త్రీపెట్టె బరువు పెట్టాను.

మా ఆయన సింహాద్రి వచ్చి చూశాడు.
"సగం సిమెంటు చేయించేద్దాం, స్కూటర్ ఎక్కడెడతావు?"
సంతలో తువ్వాలు కింద బేరమాడినట్టు
గంటసేపు ఇద్దరం బేరమాడాం.
నాలుగడుగులు పోయాయి నాకు.
కరివేపాకు మొక్క ఆయన స్కూటరు పక్కకి జరిగింది.

విత్తనాలేశాక
ఐసుపుల్లల మీద పేర్లు రాసి గుచ్చింది మా ఝాన్సీ.
తొమ్మిదో తరగతి, ఒడియా బడి.
బైగొణొ, కొఖారు, జొహ్ని, సారు...
పైకి చదివి వినిపించింది.
కింద తెలుగులో కూడా రాయవే అన్నాను.
"తెలుగు రాయడం నాకేటొచ్చమ్మా" అంది,
అన్నంలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా.
నేను చేతిలో కత్తెర పట్టుకునే ఉన్నాను,
కోయడానికి ఏమీ లేదు.

తర్వాత మొలకలొచ్చాయి.
రెండాకులు దళసరిగా విప్పింది గుమ్మడి,
దాని పక్క పుల్ల మీదున్నది 'కొ' అయ్యుండాలి.
బీర మొలిచిన చోటిది 'జొ'.
అలా పొద్దున్నే నీళ్ళు పోస్తూ
నలభై మూడేళ్ళ వయసులో
ఆకుని చూసి అక్షరాన్ని పోల్చుకుంటున్నాను.
వంకాయ మొలవలేదు.
ఆ అక్షరం ఇప్పటికీ రాదు.

ఒక తప్పు మాత్రం చేశాను.
ఎదిగే పిల్లల గౌనుకి
లోపల రెండంగుళాలు దాచి కుడతానా,
పెరట్లో ఆ మాట మరిచిపోయాను.
నేను గీసిన దారిలో ఎవరూ నడవలేదు.
బోరు నుంచి వంటగదికి అడ్డంగా
నా పాదాలే ఇంకో దారి కోశాయి, వంగమడి మధ్యనుంచి.
గుమ్మడి రాత్రికి జానెడు పాకి
దొండపందిరెక్కి, గోడ దాటి
మహాపాత్రో గారి వైపు మూడు పిందెలేసింది.
కుముదినీ మావుసి వాటి కింద గడ్డి పరిచిందట.
ఎవరివని ఇద్దరం అడగలేదు.

నిన్న గురుబారి ఏదో నారు తెచ్చింది,
తడిగుడ్డలో చుట్టి, ముదురు కాడలు.
సవర మాటలో పేరు చెప్పింది.
ఒడియాలో ఏమంటారో ఝాన్సీకి తెలీదు,
తెలుగులో ఏమంటారో నాకు తెలీదు.
రంగులు తగలని ఆ పరికిణీడంత చోట నాటాం,
చుట్టూ బాగా వదిలి.
"ఏం రాయమంటావు?" పుల్ల పట్టుకుని అడిగింది పిల్ల.
ఉత్త పుల్లే గుచ్చమన్నాను.