ఏడుకు ఆరు

నాగర్‌కర్నూలు ఖజానా ముందు
పొద్దుగాల్నుంచి లైను.
నేను చప్రాసీని. తలుపుకాడి స్టూలు నాది.
పోయినేడు ఉర్దూ బోర్డు దించింది నేనే,
అవే మేకులకు తెలుగు బోర్డు తగిలించింది నేనే.

తిమ్మాజిపేట ఈదమ్మ
కొంగుముడి పండ్లతోని విప్పింది.
ఏడు హాలీ రూపాయలు.
చార్మినార్ బొమ్మ మీద ఇంకా గోడమట్టి.
పెనిమిటి నిజాంసాగర్ కట్టకు తట్టలు మోసిండు.
ఆయన రాలే.
మేస్త్రీ ఇవి తెచ్చిచ్చిండు.

గుమాస్తా వెంకోబరావు
రూమీ టోపీ తీసి తెల్లటోపీ పెట్టిండు
(తల అదే),
ఆరు కల్దార్లు బల్ల మీద జరిపిండు.

"ఏడిస్తి గద సారూ."
"లెక్క గంతే. ఏడుకు ఆరు."
"కొత్త రాజ్యంల కాలు పెట్టనీకి రూపాయా?"
లైనంత నవ్వింది.
ఆమె నవ్వలే.

గోడ మీద మారకం కాగితం ఉంది.
నాకు చదువొచ్చు.
ఆ ఏడో రూపాయి ఎవ్వరూ దొంగిలించలేదని,
అది ఉండి లేనిదని
ఆమెకు ఎట్ల చెప్పాల్నో చదువుల లేదు.

"ఒకటి నాకు వాపసియ్యి. అది మారది."

వెంకోబరావు నాలిక కరుసుకొని మళ్ల లెక్కేసిండు.
ఐదు కల్దార్లు, రెండణాలు, కొంత చిల్లర.

పోతపోత నా స్టూలు కాడ ఆగింది.
"బోర్డు మీద ఏం రాసిర్రు కొడుకా?"
"ఖజానా."
"పాతదాని మీద?"
"...ఖజానానే."

తలూపింది. ఎండల పడి పోయింది,
ఐదు ఒక ముడిల, ఒకటి ఇంకో ముడిల.

మేకులు తుప్పు పట్టినయి.
కొత్తవి కావాల్నని అర్జీ పెట్టిన,
ఏ భాషల పెట్టాల్నో తెల్వక రెండిట్ల.
ఇంకా మంజూరు కాలే.