బతికున్నప్పటి రంగు

ఎర్సీలియా సంచీలోంచి పింగాణీ బిళ్ళ తీసి
నా బల్లమీద బోర్లా పెట్టింది.
"మా ఆయనది గుండెజబ్బు. కామెర్లు కాదు" అంది.

తిప్పి చూశాను.
సవోనా రేవులో ముప్పయ్యేళ్ళు క్రేను నడిపిన జాచింతో
అరచేతిలో పట్టే కోలబిళ్ళలో
నిమ్మతొక్క మొహంతో నవ్వుతున్నాడు.
సమాధి రాతికి అతికించాల్సిన బొమ్మ.
కొలిమిలో కాలి వచ్చింది,
ఇంక కడిగితే పోదు, గీకితే రాదు.

కొలిమిని అనుమానించాం. సిరాను అనుమానించాం.
చివరికి మా యజమాని ఒర్నెల్లా నా మానిటర్ వైపు
దొంగసాక్షిని చూసినట్టు చూసి
"దీన్ని కొలిచేదేదో కొనుక్కురా,
బిల్లు మరిచిపోకు" అంది.

సొరుగులో పాతదొకటి ఉంది.
లోపలి పొరలు వెలిసిపోయాయట.
కొలిచేదానికే చత్వారం.

ఫుల్వియో కొట్లో, గాజు అల్మారాలో, మూడు.
మొదటిది చవక. తెరను చూస్తుందంతే,
గదిలో దీపం మారినా దానికి పట్టదు.
చివరిది కాగితాన్నీ చదువుతుంది, గుడ్డనీ, గోడసున్నాన్నీ.
ధర వినగానే నేను కొనాలనుకున్న పాత స్కూటరు
కళ్ళముందు నుంచి వెళ్ళిపోయింది.
"అది కావాలంటే అద్దెకు తీసుకెళ్ళు,
ఏడాదికి రెండుసార్లు చాలు" అన్నాడు,
అమ్మేవాడు అనకూడని మాట.
మధ్యదాన్ని నా చేతిలో పెట్టాడు. నత్తగుల్లంత బరువు.
"నీ తెర ఏ జాతిదో ముందే చెప్పు దీనికి.
చెప్పకపోతే ఇదీ అబద్ధమే ఆడుతుంది,
కాకపోతే దశాంశాలతో ఆడుతుంది."
ఆ దశాంశాల మాటకే కొన్నాను.

కిటికీ మూశాను. తెరను అరగంట వేడెక్కనిచ్చాను.
ఎర్ర స్వెటరు విప్పేశాను, గాజుమీద మెరుస్తోందని.
సాధనం తెర నడుమ బల్లిలా అతుక్కుంది.
దాని పొట్టకింద రంగులు ఒక్కొక్కటే వచ్చి
పేరు రాయించుకుని వెళ్ళాయి:
ఎరుపు, లేత ఎరుపు, బూడిద, మళ్ళీ బూడిద,
ఇంకా బూడిద.

ఆఖర్న 'మునుపు', 'తర్వాత' అని రెండు మీటలు.
'తర్వాత' నొక్కితే
తెర ఉతకని చొక్కాలా కనపడింది.
డబ్బు దండగ అనుకున్నాను.
కాఫీ తాగొచ్చి 'మునుపు' నొక్కాను.

నీలం.

ఆరేళ్ళుగా నేను నీలపు నీళ్ళలో కూర్చుని
ప్రతి మొహానికీ చలేస్తోందనుకుని
కాస్త కాస్త పసుపు కప్పుతూ వచ్చాను.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు.
నాకు ఆ జబ్బు తిరగబడి పట్టింది:
కళ్ళు నావి, కామెర్లు వాళ్ళవి.
ఈ తీరం పొడుగునా గోడల్లో ఉన్నారు,
పద్దుపుస్తకంలో లెక్కపెట్టాను, నాలుగు వందల పదకొండు మంది.
ఆదివారం వెళ్ళి రెండు వరసలు చూసి వచ్చేశాను.
ఉప్పుగాలిలో, ఎండలో, అందరూ బాగానే ఉన్నట్టున్నారు.
లేదా నేను తొందరగా నడిచానేమో.

ఎర్సీలియా కొత్త బిళ్ళను వీధిగుమ్మం దాకా పట్టుకెళ్ళింది.
వెలుతుర్లో దాని పక్కన తన ముంజెయ్యి పెట్టి
"నాకంటే పిసరంత నలుపు. ఔను" అంది.
మళ్ళీ చూసింది. చాలాసేపు.
"మీసం.
మీసం ఇంత తెల్లగా ఎప్పుడుంది?
రోజుకు ముప్పై సిగరెట్లు.
ఆ పసుపు మాత్రం నువ్వు ముందు చేసినదాంట్లోనే సరిగ్గా ఉంది."

సాధనాన్ని దాని సంచిలో పెట్టి జిప్పు లాగాను.
ఆమెకు నా పక్కనే కుర్చీ వేశాను.
మౌసు పట్టుకుని, అన్నిట్లోకీ సన్నని కుంచె ఎంచుకుని
మీసం కొసల్లో మొదలుపెట్టాను,
కుడివైపు కొంచెం ఎక్కువగా
(అటే పెట్టుకునేవాడట),
ఆమె చాలు అనేదాకా.

ఆమె తొందరగా అనలేదు.