చల్లారేదాకా

రాత్రి రెండున్నరకి ఫోను.
"సలోమీ, నీ డబ్బా కళ్ళు తెరవట్లేదమ్మా" అన్నాడు పెద్దిరాజు బాబాయ్.
కరెంటు పోయి వచ్చిందట.
షెడ్డులో బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది,
అది మాత్రం లేవలేదట.

ఉప్పుటేటి గట్టంట బండి మీద వచ్చాను,
హెడ్‌లైటు నిండా పురుగుల వాన.
నా పనిముట్లు ఉండేది అమ్మ పాత క్యారేజీలో:
పై గిన్నెలో స్క్రూడ్రైవర్లు,
అడుగు గిన్నెలో సీసం తీగ,
మధ్య గిన్నెలో ఎంత తోమినా పోని పప్పు వాసన.

అరచేతిలో పట్టేంత పలక.
బతికుంటే మూలన ఒక ఎర్రచుక్క వెలగాలి,
పక్కన పచ్చచుక్క రెప్పలు కొట్టాలి.
ఇవాళ రెండూ లేవు.
ఆరెకరాల నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో చూసేది ఇదే,
తగ్గితే ఏరియేటర్లని లేపేది ఇదే.
"చేత్తో వేసేశాలే" అన్నాడు బాబాయ్,
చెరువు నాలుగు మూలలా నురగ తెల్లగా ఎగుస్తోంది.

ముందు గోడ దగ్గర్నుంచి రావాలి.
ప్లగ్గులో టెస్టరు గుచ్చాను, వెలిగింది.
అడాప్టరు మార్చాను.
తీగ చూస్తే ఎవరో ఫోను ఛార్జింగుది తగిలించారు,
లోపల జుట్టుపోగంత రాగి,
దారిలోనే వోల్టులు తినేసే రకం. అదీ మార్చాను.
మీటరు పెడితే అయిదూ సున్నా తొమ్మిది.
పలకకి తగిలించగానే రెండూ నాలుగు.
ఎవరో తాగేస్తున్నారు.

మెమరీ కార్డు తీసి ఊదాను, చున్నీకి తుడిచాను.
దానికీ దీనికీ సంబంధం లేదని తెలుసు,
చేతులకి ఏదో ఒక పని కావాలి.
"అగరొత్తి వెలిగించనా, మీకు కొవ్వొత్తి కదా?"
"టార్చి పట్టుకో బాబాయ్, చాలు."

టార్చి వెలుగులో దొరికింది.
చెరువులోంచి వచ్చే తీగలు కలిసే చోట,
రెండు సూదుల మధ్య, చిలుం.
ఉప్పుగాలి రాగిని నమిలి ఉమ్మిన పచ్చ.
వెళ్ళే దారికీ వచ్చే దారికీ అడ్డంగా వంతెన కట్టేసింది.
పాత బ్రష్షుతో, స్పిరిట్‌తో, గోటితో గీకాను.
మీటరు కూత ఆపింది.
మళ్ళీ తగిలించాను.
చీకటే.

అప్పుడు గుర్తొచ్చింది, పలక అడుగున
గోధుమగింజంత ఫ్యూజు ఉంటుంది.
అది కాలిపోయే జాతి కాదు, అలిగే జాతి.
వేడెక్కితే దారి మూసేస్తుంది,
చల్లారాక తనే తీస్తుంది.
ఎంతసేపంటే ఏ కంపెనీ చెప్పదు.

మేత బస్తా మీద కూర్చున్నాం.
బాబాయ్ టీ పోశాడు, చక్కెర ఎక్కువ.
తొట్టి తాడు లాగి ట్రే ఎత్తి చూసి, దించి,
నీళ్ళ వైపు తిరిగే అన్నాడు:
"ఏసుపాదం ఉంటే ఈపాటికి రెండుసార్లు ఎత్తేవోడు."

ఏసుపాదం మా మేనమామ.
కిందటేడు ఈ పెట్టె బిగించింది నేను.
బిగించిన వారానికి
రాత్రి కాపలాకి ఒక మనిషి చాలన్నారు.
బాబాయ్ గొంతులో ఏ ముల్లూ లేదు,
అదే గుచ్చుకుంది.
మావయ్య ఏమీ అనలేదు అప్పుడు.
తన గొంగళి మడిచి, టార్చి ఇచ్చేసి వెళ్ళాడు.
మా ఇంటికి రావడం మానేశాడు, అంతే.

నాలుగుంపావుకి
నేను చూస్తుండగా కాదు, టీ గ్లాసు కడుగుతుంటే
వెనక నుంచి బాబాయ్ కేక:
"ఎర్రగా!"
చీమతలంత వెలుగు.
కాసేపటికి పచ్చచుక్క కూడా,
తడబడుతూ, తర్వాత తడబడకుండా.
తీగలన్నీ ఒక్కొక్కటే తగిలించాను, కొత్త కొసలు కోసి.
డబ్బా మూతకి గ్రీజు పూశాను.
అంకెలు వచ్చాయి.
బాబాయ్ మీట మీంచి చెయ్యి తియ్యలేదు,
తియ్యమని నేనూ అనలేదు.

తిరిగొస్తూ చర్చి సందులోకి బండి తిప్పాను.
మావయ్య గుమ్మం ముందు ఆగాను, ఇంజను ఆపకుండా.
లోపల వెలుగు లేదు.
నిద్రే అయ్యుంటుంది.
ఇంజను ఆపాను.