వదులు

మూడు చలికాలాలు వాళ్ళ బూట్లు నేనే ఆరబెట్టాను.
పొయ్యి చుట్టూ వరసగా, లోపలి మెత్తలు ఊడదీసి.
నాలుకలు వేలాడేసుకుని
వేటకెళ్ళొచ్చిన కుక్కల్లా ఉండేవి.
ఎవరి చెమట ఏ వాసనో చెప్పగలను.
జిర్గలాన్ కొండని మాత్రం కిటికీలోంచే చూశాను,
ఉల్లిపాయలు తరుగుతూ.

ఈ జత ఎవరో హైడ్రున్ వదిలేసి వెళ్ళింది.
లోపల నల్లసిరాతో పేరు.
"నీ సైజే కావచ్చత్తా" అన్నాడు తైలాక్, నా మేనల్లుడు.
గైడు అయ్యాక వాడికి ప్రతిదీ కావచ్చే.
కాస్త పెద్దవనిపించి
రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడిగాను.
చిన్నదైతేనే కదా కరిచేది, అనుకున్నాను.
నలభై మూడేళ్ళు నడిచినదాన్ని,
కాళ్ళ గురించి నాకెవరు చెప్పాలి?

బుధవారం అతిథులు లేరు.
రొమ్ము మీద బీకన్ కట్టి, అది పలుకుతోందో లేదోనని
ముందుకీ వెనక్కీ నడిపించి చూశాడు.
స్కీల అడుగున బొచ్చు పట్టీలు అతికించాడు.
ముందుకు నిమిరితే మెత్తన, వెనక్కి నిమిరితే మొండి,
మా గాడిద లాగే.
"ఎత్తకు, ఈడ్చు" అన్నాడు.
ఈడ్చాను.
మొదటి గంట ఎంత బాగుందో!
స్ప్రూస్ కొమ్మ ఒకటి తన బరువు దులుపుకుంది.
ఊరి పొగలన్నీ కిందే ఆగిపోయాయి.
నా పొగగొట్టం ఏదో గుర్తుపట్టలేకపోయాను.
అందుకేం బాధ కలగలేదు.

రెండో మలుపులో,
వాలుకి అడ్డంగా నిలబడి కాలు వెనక్కి తన్నాలి,
స్కీ గాల్లో తిరిగి రావాలి.
తన్నాను. మడమ లోపలే లేచింది.
బూటు ఒక వైపు, నేను ఒక వైపు,
మధ్యలో చర్మం.
అక్కణ్ణుంచి అడుగుకి కొంచెం.
కొంచెమంటే, తురుముపీట మీద క్యారెట్ అరిగినంత.
చెప్పలేదు.
వంటమనిషికి కాలిన వేలు చూపించుకునే అలవాటుండదు.
అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు,
నా మడమ మంట నాలుకకెక్కింది.
కొండని తిట్టాను, హైడ్రున్‌ని తిట్టాను,
ఆవిడ తల్లిని కూడా.

తైలాక్ ఆగాడు. వెనక్కి చూడకుండానే
"నీ అడుగు చప్పుడు మారింది" అన్నాడు.
సంచీ మీద కూచోబెట్టి బూటు లాగాడు.
"రెండు జతలా?"
నవ్వలేదు, అదే ఎక్కువ కుట్టింది.
పది సోమ్ నాణెమంత ఎర్రగా ఊడింది తోలు.
"బిగువు కాదత్తా, వదులు.
బిగువు నొప్పి పెడుతుంది. వదులు తినేస్తుంది."
టేపు అంటించి, ఒక జత తన జేబులో పెట్టుకున్నాడు.
శిఖరం ఇంకా రెండు గంటలు.
దాన్నక్కడే ఉంచి తిరిగాం.

దిగడం గురించి ఎక్కువ చెప్పను.
పదకొండుసార్లు పడ్డాను.
తొమ్మిదోసారి తెలిసింది, చీలమండ వెనక మీట
నడకలోనే ఉండిపోయిందని.
తైలాక్ ముందే చెప్పాడట. నేను మంటని వింటున్నాను.
కానీ పదికీ పదకొండుకీ మధ్య
ఏడు మలుపులు వరసగా వచ్చాయి.
ఏడు. కావాలంటే ఆ చెట్టుమీది కాకినడగండి.

గనిలో పంపులు బాగుచేసిన జూమాకదిర్
ఇప్పుడు బూట్లు బాగుచేస్తాడు.
నా పాదాన్ని పంపు గొట్టంలా
అటూ ఇటూ తిప్పి చూసి,
"నీ మడమ సన్నం. ఆమెది వెడల్పు.
లోపల ఇంకా ఆమే నిలబడి ఉంది" అన్నాడు.
పాత కంబళి ముక్కని రెండు నెలవంకలుగా కోసి
చీలమండ దగ్గర అంటించాడు.
"రొట్టెల పొయ్యిలో వేడి చేసి తొడుక్కో.
పది నిమిషాలు నిలబడు. కదిలావా, ఆమె వెళ్ళదు."

గురువారం పన్నెండుమంది అతిథులు.
రోజూ కాలుకాలిన పిల్లిలా తిరిగే వంటింట్లో
బూట్లతో నిలబడ్డాను, వేళ్ళ కింద చెక్కముక్క పెట్టుకుని.
వేడి మెల్లగా మడమ చుట్టూ చేరుతోంది.
సూపు పొంగుతోందని ఎవరో అరిచారు.
తైలాక్ గరిటె కోసం వెతుకుతున్నాడు.
ఎడమ అలమర, రెండో అర.
చెప్పొచ్చు.
ఇంకా నాలుగు నిమిషాలుంది.