మిగిలినోళ్లు

ముప్పయ్యేళ్లుగా నా దగ్గర ఒక నోటు పుస్తకం.
ద్రాక్షతోట కూలీల ఉపమానానికి
ఎర్ర సిరాతో జవాబులు రాసిపెట్టుకున్నాను:
తోట అంటే రాజ్యం.
దేనారమంటే నిత్యజీవం.
పొద్దున వచ్చినవాళ్లు యూదులు,
సాయంత్రం వచ్చినవాళ్లు అన్యులు, అంటే మనం.
ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి,
ఎక్కాలు ఒప్పజెప్పినట్టు.

మిట్టూరులో గురువారం ఇంటి కూటం.
రేకుల కింద పదిమంది, ఒక టేబుల్ ఫ్యాను.
అది తిరిగినవైపే అందరి ప్రాణం.
జూన్ నెల. చిత్తూరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీ వైపు బారులు తీరిన ట్రాక్టర్లు
ప్రార్థన మధ్యలో హారన్లు కొడుతున్నాయి.
నేను దేనారం దాకా వచ్చాను.

గడప దగ్గర కూచున్న సువార్తమ్మ
"అయ్యా, ఒక మాట అడగొచ్చునా" అంది.
పేరులోనే సువార్త. అక్షరం రాదు.
కుడిచేతికి రెండు వేళ్లు లేవు,
మూడేళ్ల కింద కోత మిషను తీసుకుంది.
మిగిలినవాటి మీద మామిడి సొన కాల్చిన మచ్చలు.

"సాయంత్రం దాకా ఆడ నిలబడినోళ్లు
సోమరిపోతులని చెప్తిరే,
ఎవురూ మమ్మల్ని పిలవలేదని
వాళ్లే చెప్పినారు గదయ్యా.
అడ్డా మీద మిగిలేది ఎవురో మీకు తెల్దు.
మేస్త్రీ టెంపో దిగతానే కండలు చూస్తాడు.
ముసిలోళ్లు మిగుల్తారు. కుంటోళ్లు మిగుల్తారు.
చంకలో బిడ్డుండేది మిగుల్తుంది.
నేను మిగుల్తా."

ఫ్యాను నా వైపు తిరిగి
పేజీ ఎగరేసి వెళ్లిపోయింది.

"పొద్దున్నే పనికి పోయినోడికి ఎండ ఒకటే కష్టం.
మిగిలినోడికి ఎండా ఉండాది, భయమూ ఉండాది.
ఇంటికి పోయి ఏం జెప్పాల,
పొయ్యి మీద ఏం పెట్టాల...
ఆ భయానికి కూలి ఎవురిస్తారు?
ఆయప్ప ఇచ్చినాడు.
నాకట్లా తోస్తా ఉండాది."

ఎవరూ ఆమెన్ అనలేదు.
సంఘ పెద్ద గిద్యోనుగారు గొంతు సవరించుకుని
"అది లోక సంబంధమైన అర్థం, తల్లీ,
ఇది ఆత్మ సంబంధం" అన్నారు.
నా తల, అలవాటు కొద్దీ, ఊగింది.

"ఇంగొకటి" అంది, లేవబోతూ.
"కాయలు కోయించాలంటే ఒకసారి వచ్చి
కావలసినోళ్లని ఎక్కించుకుంటే చాలు.
ఆయన ఐదుసార్లు ఎందుకొచ్చినాడు?
పనికోసరం కాదు.
ఇంగా ఎవురు మిగిలినారో చూసేదానికి."

ఇన్నేళ్లలో నేను ఆయన రాకలు లెక్కపెట్టలేదు.
ఆ రాత్రి వేళ్లు మడిచి చూశాను.
పొద్దు పొడుపున. మూడో గంటకు. ఆరుకు. తొమ్మిదికి. పదకొండుకు.
ఐదే.
మూడు వేళ్ల చేత్తో ఆమె ఎలా లెక్కపెట్టిందో.

నిద్ర పట్టలేదు.
ఇంకెవరెవరికి నేను ఎర్ర సిరా పూశానో!
పాటల పుస్తకం మూయకముందే మార్తను మందలించి,
ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే
"అన్నం అయిందా" అని కేకేసిన ఆదివారాలు.
ఎఫ్రాతా ఏమీ అనేది కాదు.
గిన్నె కాస్త గట్టిగా పెట్టేది, అంతే.

శుక్రవారం ఆరింటికి కట్టమంచి దారిలో అడ్డాకు వెళ్లాను.
టీ కొట్టు బల్ల మీద కూచున్నాను.
టెంపోలు వచ్చాయి. మేస్త్రీ చూపుడువేలు
ఒక్కో రొమ్ము దగ్గర ఆగి ఆగి నడిచింది.
సువార్తమ్మ కుడిచేతిని కొంగులో దాచుకుంది.
ఎనిమిదింటికి ఇరవైమంది.
పదింటికి ఆరుగురు.
నన్ను చూసి నవ్వింది,
తన ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.
పదకొండింటికి ఆసుపత్రిలో
ఒకరిని పరామర్శించాలని గుర్తొచ్చింది.
నిజంగానే ఉంది ఆ పని.
లేచి వచ్చేశాను.

ఎర్ర సిరా అలాగే ఉంది. కొట్టెయ్యలేదు,
పెద్దలు చెప్పిందాంట్లోనూ నిజం ఉండొచ్చు.
పక్కన పెన్సిలుతో చిన్నగా రాసుకున్నాను:
ఆయన ఐదుసార్లు వెళ్లాడు.
నేను ఒక్కసారి.