వెనక రెండంగుళాలు

"ముక్కు వాలిపోయింది, కాస్త పైకెత్తు" అంది ఇదోయా,
మార్చి బురద ఆరని పికప్పుని షెడ్డు ముందు ఆపి
తాళం చెవి నా అరచేతిలో పడేసి.

ఎల్కో ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఇదే మాట వింటున్నాను.
కంపెనీవాడు బండి ముందుభాగాన్ని దించి
తోకని రెండంగుళాలు ఎత్తి పంపుతాడు.
కొన్నవాళ్ళకది తలవంపు.

లెవెలింగ్ కిట్ అంటే ఏముంది,
ముందు స్ట్రట్‌ల నెత్తిన పెట్టే
ఇనప చుట్టకుదుళ్ళు, ఒక జత.
భోజనం వేళకి బిగించేస్తాను.

గోడవారగా పేర్చిన రిమ్ముల దగ్గరికి వెళ్ళింది.
నల్లగా మెరిసేదాని అంచు మీద బొటనవేలు రాసింది.
"ఇవి బాడీ దాటి బయటికొస్తాయి కదా, బావుంటాయి."
బావుంటాయి.
దారిలో ప్రతి గులకరాయినీ ఏరి
నీ తలుపులకేసి కొడతాయి.
"ముప్పై అయిదంగుళాల టైరు?"
స్టీరింగ్ చివరికంటా తిప్పావా,
లోపలి ప్లాస్టిక్‌ని పిల్లిలా గీరుతుంది.
స్పీడు ముల్లు అబద్ధాలు నేర్చుకుంటుంది.
బంకులో కుర్రాడు నిన్ను పేరుపెట్టి పిలుస్తాడు.

నవ్వింది. నవ్వాక అడిగాను,
వెనకేం మోస్తావని.

నీళ్ళు. రెండువందల గ్యాలన్లు.
కొండ వెనక గొర్రెల మంద, పద్దెనిమిది వందలు.
పెరూ నుంచొచ్చిన ఎలెయుతేరియో, రెండు కుక్కలు,
చక్రాల మీద ఒక రేకు గది.
మూడు రోజులకోసారి తొట్టి నిండాలి,
అతనికి ఉల్లిపాయలు, బ్యాటరీలు, ఉత్తరముంటే ఉత్తరం.

రబ్బరు గొట్టం లాగి
ఖాళీ ట్యాంకులో నా కుళాయి తిప్పాను.
గంట పట్టింది.
ఆ గంటలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
బండి మాట్లాడింది.
పట్టీలు కిర్రుమన్నాయి, స్ప్రింగు ఒకటి నిట్టూర్చింది,
తోక కొద్దికొద్దిగా దిగింది,
నెత్తిన బిందె పడ్డాక
నడుము సర్దుకున్న మనిషిలా.

కొలతపట్టీ పెట్టాను.
ముందు ముప్పై తొమ్మిది. వెనక ముప్పై తొమ్మిది.
రసమట్టం బుడగ సరిగ్గా నడిమధ్య.

"అయితే అది వంకర కాదా?" అంది.
కాదు. ఇంకా ఎక్కని బరువుకి ముందే వదిలిన చోటు.
ఇప్పుడు ముందుని ఎత్తితే
నిండు ట్యాంకుతో నీ దీపాలు చుక్కల్ని వెతుకుతాయి,
దారిలో లేడి కనబడదు.

కిట్ అమ్మలేదు. రిమ్ములూ అమ్మలేదు.
టైర్లు మాత్రం వేశాను, పది పొరలవి,
ఎత్తుకి కాదు, పక్కగోడల మందానికి.
అక్కడి ఎండు పొదల మోళ్ళు మేకులకన్నా పాపిష్టివి.
కంకరదారిలో కొంత గాలి తీసెయ్ అని చెప్పాను,
అయితే ట్యాంకు ఖాళీ చేసి తిరిగొచ్చేటప్పుడే.
ఎక్కేటప్పుడు నిండుగా, దిగేటప్పుడు మెత్తగా.

ఒక సంగతి ఆమెకి చెప్పలేదు.
షెడ్డు వెనక టార్పాలిన్ కింద నా బండి ఉంది.
నాలుగంగుళాలు లేపాను, ముప్పై ఏడు టైర్లు, ఎర్ర షాకులు.
ఆదివారాలు తుడుస్తాను.
పదకొండేళ్ళలో అది మోసిన అతి పెద్ద బరువు
ఒక పరుపు, అదీ పక్క వీధికి.
మావాళ్ళు ఫొటోలు తీసుకుంటారు.
నేల విడిచి సాము
అంత అందంగా ఎవడూ చేసుండడు.

బిల్లు రాస్తుంటే కౌంటరు మీదికి వంగి అడిగింది,
"నీళ్ళకెంత?"
పెన్ను ఆగింది.
బయట ఆ బండి బురదలో
నాలుగు కాళ్ళూ ఆన్చి తిన్నగా నిలబడి ఉంది.
"తొట్టి నిండాక," అన్నాను,
"తోక ఎంత లేచిందో కొలిచి చెప్పు."

శుక్రవారం ఫోనొచ్చింది, గాలి హోరులో ముక్కలు ముక్కలుగా.
రెండంగుళాలకి ఒక నూలు తక్కువట.
ట్యాంకు అడుగున కొంచెం మిగిల్చారట,
కుక్కలకి.