రెండు ఆరు

చెర్వుగట్టు జాతరల ఇమాంబి
కొలత పట్టంగ ఎవ్వరూ చూడలే.
చెయ్యి ముందుకు చాపితే చాలు,
బొటనవేలి కింది కండను ఒక్కసారి ఒత్తి
"రెండు నాలుగు" అనేది, లేకుంటే "రెండు ఆరు".
తర్వాత మాటల్ల పెట్టి, నవ్వించి
గాజులు ఎక్కించేసేది.
పగిలిన గాజు ఆమె లెక్కల లేదు.

ఇప్పుడు పొద్దుగాల ఆమె వేళ్లు తెరుచుకోవు.
వేడినీళ్ల బకీట్ల గంటసేపు ముంచితే
అలిగిన పిల్లల లెక్క
ఒక్కొక్కటి మెల్లగ కదుల్తయి.

"నీళ్లే" అన్నరు అందరు.
మా నల్లగొండల వంకరపోయిన ప్రతి ఎముకకూ
ఒక్కటే ముద్దాయి.
చానాసార్లు నేరం రుజువైంది గూడ.
మర్రిగూడ బోరు మీద పడినన్ని నిందలు
ఏ కోడలి మీద పడి ఉండవు.
ఏడేండ్లు ఆమె ఫిల్టర్లు మార్చింది,
క్యాన్లు మార్చింది, ఊరే మార్చింది.
నెత్తురు పరీక్ష మాత్రం ఎనిమిదో ఏట చేసిన్రు.

నీళ్లు కాదు.
బత్తాయి తోటకు కాపలా పెట్టిన కుక్క
చీకట్ల సొంత ఆసామి కాలే పట్టినట్టు
ఆమె నెత్తురు ఆమె కీళ్లనే పట్టుకున్నది.

నేను మందు చేసేదాన్ని కాదు.
ఫార్మసీ కాలేజీ రెండో అంతస్తుల
మూలకున్న కంప్యూటరు ముందు కూసొని
మందు కాగలిగేదాన్ని వెతికేదాన్ని.
తెర మీద ఒక ప్రొటీన్,
మంట పెట్టే మాటను కణంలోపలికి మోసేది.
దాని నడుమ ఒక గుంట.
ఆ గుంటల సరిగ్గ కూసునే అణువు దొరికితే
మాట ఆగుతది, మంట తగ్గుతది, అని ఆశ.
నలభై ఒక్క వేల అణువులు వరుస కట్టినయి.
ఒక్కొక్కదాన్ని తిప్పి, వంచి, పెట్టి చూసి
మిషను ఒక అంకె వేస్తది.
సున్నాకు ఎంత కిందికి పోతే అంత గట్టి పట్టు.
కిందున్నోళ్లకు మంచి మార్కులు పడే చోటు
నా చదువుల ఇదొక్కటే.

ఇరవై మూడు వేల కాడ కరెంటు పోయింది.
యూపీఎస్ కుయ్యికుయ్యిమంటుంటే
అటెండర్ లింగస్వామి టార్చి పట్టుకొని వచ్చి
"మేడం, మల్ల మొదటికేనా?" అన్నడు.
మొదటికే.

నాలుగు రాత్రుల తర్వాత పదకొండు మిగిలినయి.
అన్నిట్ల పైనున్నదానికి
మైనస్ తొమ్మిది పాయింట్ నాలుగు.
ఆగలేక ప్రకాశం బజారుకు ఉరికి
ఫోనుల బొమ్మ చూపిచ్చిన ఇమాంబికి:
బూడిదరంగు గుంటల పచ్చటి పుల్ల.
అద్దాలు పైకి నెట్టి చానాసేపు చూసింది.

"ఇంత సులువుగ పోయిందా లోపలికి?"
పోయింది.
"సులువుగ ఎక్కిన గాజు సులువుగనే జారుతది బిడ్డా.
చెయ్యేమన్న రాయా?
ఒత్తితే ఒదుగుతది, బెదిరితే బిగుసుకుంటది,
పొద్దున ఉన్న చెయ్యి మాపటికి ఉండదు.
నీ మిషను చెయ్యి పట్టుకొని చూసిందా,
దూరంకెళ్లి చూసిందా?"

దూరంకెళ్లే.
టైము తక్కువని
ప్రొటీన్‌ను కదలకుండ కట్టేసి చూసినం.

ఆ రాత్రి కట్లు విప్పిన. నీళ్లల్ల వదిలిన.
మా జిల్లా ముద్దాయి ఈసారి సాక్షికొచ్చింది.
ఊపిరి తీసినట్టు కదిలింది ప్రొటీన్,
గుంట మూసుకున్నది, తెరుచుకున్నది.
తెల్లారేసరికి ఫస్టు ర్యాంకు అణువు
బయట తేలుతున్నది.
ఏడోది మాత్రం వదల్లే.

ఏడోది మందు కాదు.
దానికి పేరు కూడ లేదు, నంబరే.
దాని ముందల గాజు గొట్టాలున్నయి, ఎలుకలున్నయి,
ఏండ్లున్నయి.
అన్ని ఏండ్లు ఇమాంబికి ఉన్నయో లేవో.
ఆ మాటే చెప్పిన.
"నేనేమన్న అడిగిన్నా?" అన్నది.
"చెయ్యి ఇటు తే."

ఒత్తింది. వేలు వంగలే.
మల్ల ఒత్తింది.
"రెండు ఆరు."

నాది రెండు నాలుగు.
పదేండ్ల సంది ఆమే వేస్తున్నది.
నేనేం అనలే.

ఇప్పుడు జుట్టు సవరించుకుంటే మోచేతి దాక,
కీబోర్డు మీద పెడితే వేళ్ల దాక
పచ్చ గాజులు జారుతున్నయి.
చప్పుడేందని లింగస్వామి తలుపు కాడ తొంగి చూస్తడు.
తెర మీద ఏడోది
ఇంకా కూసునే ఉన్నది.